మృతుల లెక్క బ్రదికియున్నవారి కేల?

నూఱు గొఱ్ఱెలలో నొకటి తప్పిపోయిన యుపమానమును మన పాఠశాలలో నెఱుగనివారు లేరు. కాపరి దానిని వెదకుచు బోయెనని యందఱును జెప్పుదురు. కాని యొకటి తక్కువయైనదని యాతని కెట్లు తెలిసెను? లెక్కించుటచేతనే గదా! లెక్కింపనివానికి 99యు 100యు నొక్కటియే. దేశారోగ్యమును గూర్చిన శాస్త్రమునకు గూడ నిదియే మూలము. ఏ వ్యాధిచేత, ఏ ప్రాయమువారు, ఎచ్చట మరణించుచున్నారో తెలియనిచో, మందు లెచ్చట నుంచవలయునో, ధనమును దేనికై వ్యయము చేయవలయునో యెవరికిని దెలియదు.

మన దేశమున జనన మరణముల నమోదు చట్టము 1969వ సంవత్సరమున జేయబడినది. ఇంట నెవరైన మరణించినచో 21 దినములలోగా దెలియజేయవలయును. అయినను పల్లెలలో బెక్కు మరణములు చిరకాలము వ్రాత కెక్కకయే పోయినవి. నమోదైనవానిలో సైతము వైద్యుడు కారణమును వ్రాసియిచ్చినవి కొన్ని మాత్రమే. ఏలయనగా ననేకులు వైద్యుని మొగము చూడకయే యింట గన్నుమూయుదురు.

ఈ కొఱతను దీర్చుటకు రిజిస్ట్రారు జనరలు కార్యాలయమువారు 1969-70లో శాంపిల్ రిజిస్ట్రేషను పద్ధతిని దేశమంతట నెలకొల్పిరి. అన్నము పక్వమైనదో లేదో చూచుటకు కుండనంతయు బిసుకనక్కఱలేదు. మెతుకు పట్టి చూచిన జాలును. అయితే పైనున్న మెతుకునే చూచినవాడు మోసపోవును. అందుచే నెవరి యిష్టానిష్టములకును దావు లేకుండ జీట్లు తీసినట్లుగా గ్రామములను బేటలను నెన్నుకొందురు. అచ్చట స్థానికుడొకడు, తఱుచుగా నుపాధ్యాయుడో యంగన్‌వాడీ కార్యకర్తయో, పుట్టినవారిని గిట్టినవారిని వెంటవెంటనే వ్రాయుచుండును. ఆఱు నెలల కొకసారి వేఱొక యధికారి వచ్చి, మొదటి పుస్తకమును జూడకయే, యింటింట విచారించి తన లెక్క తాను వ్రాసికొనును. పిమ్మట రెండును సరిపోల్చి, తేడా వచ్చినచోట మరల విచారింతురు. ఒకే లెక్కను ఇరువురు విద్యార్థులు వేఱువేఱుగా జేసి సరిచూచుకొనుటవంటి దిది.

ఈ పద్ధతివలననే శిశుమరణముల తగ్గుదల మనకు దెలిసినది. పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో నేడాది నిండకుండ మరణించినవారు 1971లో 129 మంది. 2020లో 28 మంది.

ఎందఱు మరణించిరో యిట్లు తెలిసెను. ఏల మరణించిరో తెలియుట యెట్లు? 2001లో నారంభమైన పది లక్షల మరణముల పరిశోధన యిందులకై యేర్పడినది. రిజిస్ట్రారు జనరలు కార్యాలయముతో గూడి ప్రభాత్ ఝా యను వైద్యశాస్త్రజ్ఞుడు దీనిని నడపెను. శిక్షణ పొందిన యుద్యోగి మృతుని యింటికి బోయి, జ్వర మెన్నిదినము లుండెను, దగ్గు కలదా, ఆయాసము కలదా యని యడిగి, యింటివారు చెప్పిన కథను స్థానిక భాషలోనే వ్రాసికొనును. దానిని ఇరువురు వైద్యులు విడివిడిగా జదివి కారణమును నిర్ణయింతురు. వారి కభిప్రాయభేదము తీరనిచో బెద్దవైద్యు డొకడు తీర్పు చెప్పును.

ఈ పద్ధతికి లోపములు లేకపోలేదు. జ్వరములలో నేది మలేరియాయో మాటలచే దేల్చుట కష్టము. 2010లో నీ పరిశోధకులు మలేరియా మరణములు ఏటా రెండు లక్షలకు బైబడునని ప్రకటింపగా, ప్రపంచారోగ్యసంస్థవారు దాని నంగీకరింపలేదు. కాని పాముకాటు విషయమున నిట్టి సందేహమునకు దావు స్వల్పము. 2011లో వెలువడిన ఫలితముల ప్రకారము 2005లో పాముకాటుచే మరణించినవారు సుమారు 46,000 మంది. వారిలో నూటికి 97 మంది పల్లెవాసులు. నాలుగింట మూడు పాళ్లకు బైగా నాసుపత్రి వెలుపల మరణించినవారు. ఆసుపత్రి చేరనివారు ఆసుపత్రి పుస్తకముల కెట్లెక్కుదురు? జనసంఖ్యనుబట్టి చూడగా, నాడు తెలంగాణముతో గూడియున్న మన యాంధ్రప్రదేశమే యన్నిటికంటె నెక్కువ మరణములు గలదిగా, లక్షకు 6.2 చొప్పున, తేలినది. జూను మొదలు సెప్టెంబరు వఱకు, అనగా రైతులు దమ్ములలో, నాట్లలో నుండు కాలముననే యివి యధికము.

2017లో ప్రపంచారోగ్యసంస్థ పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధుల పట్టికలో జేర్చినది. 2030 నాటికి మరణములను సగమునకు దగ్గింపవలెనని మన ప్రభుత్వము 2024లో నొక ప్రణాళికను బ్రకటించినది. లెక్కించిన పిమ్మటనే గదా యీ మేల్కొలుపు!

కావున విద్యార్థులారా, తలిదండ్రులారా, మనవంతు పని కొంత కలదు. ఇంట మరణము సంభవించినపుడు దుఃఖములోనైనను గడువులోపల నమోదు చేయింపుడు. విచారించువారు వచ్చినపుడు క్షయయనియో మఱియొకటియనియో చెప్పుటకు సిగ్గుపడి కారణమును దాచకుడు. పాము కఱచినచో గాటు పెట్టుట, నోట బీల్చుట, బిగించి కట్టుట మాని, కఱచిన యవయవమును గదలనీయక, విషవిరుగుడు సూదిమందు లభించు నాసుపత్రికి వెంటనే కొనిపోవుడు. రాత్రివేళ దీపములేక, చెప్పులులేక గట్లవెంబడి నడవకుడు.

పోయినవారిని మనము మరల దేలేము. కాని వారెట్లు పోయిరో నిజముగా జెప్పినచో, ఆ మాట యెన్నడును మనము చూడని యొక పల్లెలో నింకొక తల్లి బిడ్డను గాపాడవచ్చును.