పసికందు రక్తంలో తల్లి యాంటీబాడీలు

బొలీవియా, అర్జెంటీనా పల్లెల్లో మట్టిగోడల పగుళ్లలో విన్చుకా అనే పురుగు కాపురముంటుంది. రాత్రిపూట నిద్రపోయేవాళ్ల రక్తం పీల్చి, అక్కడే మలం విడుస్తుంది. ఆ మలంలోని ట్రిపనోసోమా క్రూజీ అనే ఏకకణ పరాన్నజీవి ఒంట్లోకి చేరితే వచ్చేదే షాగస్ వ్యాధి. 1909లో బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ షాగస్ దీన్ని మనిషిలో మొదట గుర్తించింది బెరెనీసె అనే రెండేళ్ల పాప రక్తంలో.

మందులు చల్లి పురుగును తగ్గించినా, తల్లి నుంచి గర్భస్థ శిశువుకు సోకే దారి మూసుకోలేదు. వ్యాధి ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి సుమారు ఐదుగురికి ఇది సోకుతుంది. వాళ్లలో చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. ఇక రక్తపరీక్షే దిక్కు.

ఏ పరీక్ష చేయాలన్నది బిడ్డ వయసును బట్టి ఉంటుంది. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి కాబట్టి, వ్యాధి సోకని పసికందుకూ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అనే చెబుతుంది. అందుకే మొదటి నెలల్లో పరాన్నజీవినే వెతకాలి. బొడ్డుతాడు రక్తాన్ని సన్నని గాజు గొట్టాల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఎర్రకణాల మీద తేరే తెల్లకణాల పొర దగ్గర పరాన్నజీవులు కదులుతూ మైక్రోస్కోపులో కనిపిస్తాయి. అయితే వాటి సంఖ్య తక్కువైతే ఎంత అనుభవమున్న కన్నైనా పొరబడుతుంది.

పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష బలం అక్కడే. ఈ పరాన్నజీవి డీఎన్‌ఏలో కొన్ని భాగాలు వేల సార్లు పునరావృతమవుతాయి. పీసీఆర్ వాటినే పట్టుకుని లెక్కకు మించి నకళ్లు తీస్తుంది కాబట్టి, రక్తంలో పరాన్నజీవులు కొద్దిగానే ఉన్నా దొరికిపోతాయి. పుట్టిన తొలి వారాల్లో వాటి సంఖ్య పెరుగుతుంది. అందువల్ల పుట్టినప్పుడు నెగటివ్ వచ్చినా నెల తర్వాత మళ్లీ చూడటం మంచిది.

తల్లి యాంటీబాడీలు కరిగిపోయాక, సుమారు పదో నెలలో, యాంటీబాడీ పరీక్ష చేస్తారు. అప్పటికీ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు బిడ్డవే, వ్యాధీ ఉన్నట్టే. చిక్కేమిటంటే, చాలామంది తల్లులు అన్ని నెలల తర్వాత బిడ్డతో ఆసుపత్రికి తిరిగి రారు. ముందే తేల్చే పీసీఆర్‌కు అందుకే అంత విలువ.

తొలి ఏడాదిలోనే బెంజ్నిడజోల్ అనే మందుతో చికిత్స చేస్తే నూటికి తొంభైమందికి పైగా నయమవుతారు. వదిలేస్తే, సోకినవారిలో నూటికి ముప్పైమంది దాకా పెద్దయ్యాక గుండెజబ్బు పాలవుతారు. చికిత్స తర్వాత బిడ్డ రక్తంలో యాంటీబాడీలు తగ్గుతూ పోయి పూర్తిగా మాయమైతే, జబ్బు నయమైనట్టు లెక్క. పుట్టినప్పుడు నమ్మదగని ఆ పరీక్షే చివరకు ఆ మాట ఖాయం చేస్తుంది.