పెరుగు ప్యాకెట్టు

మా అబ్బాయికి 17 ఏళ్ళు. డౌన్ సిండ్రోమ్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కునిచ్చింది. మరి ఆ తర్వాతో?

ఓ ఆదివారం ఇంటిల్లిపాదీ నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాం. "బ్యాంకులో డిపాజిట్టు" అన్నారు మావారు. "పెళ్ళిళ్ళకి వాణ్ణీ తీసికెళ్ళండి, నా దగ్గర వదిలేసి పోకండి" అన్నారు అత్తయ్య. (ఆ మాట తగిలింది నాకే!) అసలు వాణ్ణి అడగాలని వాడి చెల్లెలికే తోచింది.

"పెరుగు నేనే తెస్తా. ఒక్కణ్ణే" అన్నాడు.

మొదటి పేజీలో అదే రాశాం. వారంపాటు గేటు దగ్గర నిలబడి చూశాను. ఎనిమిదో రోజు ప్రాణాలు ఉగ్గబట్టుకుని లోపలే ఉండిపోయాను. ఇరవై నిమిషాలకి వచ్చాడు. పెరుగు బదులు పాలు తెచ్చాడు. చిల్లర మాత్రం సరిగ్గా ఉంది.

"ఇంతసేపేంట్రా?"

"కొట్టాయనతో క్రికెట్ చూశా!"