నొక్కితే పేజీ మారే పీడీఎఫ్: లేటెక్‌తో ఫోన్ క్విజ్

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

మా చెల్లి, వాళ్ల ఫ్రెండ్స్ హిందూపురం నుంచి ధర్మవరానికి ట్రైన్‌లో కాలేజీకి పోతారు. దారిలో డేటా ఉన్నా లేకున్నా చదువుకోవచ్చని ఒక పీడీఎఫ్ క్విజ్ చేసిచ్చా. ల్యాప్‌టాప్‌లో సూపర్‌గా పనిచేసింది, ఆన్సర్ నొక్కితే మార్కులు కూడా వచ్చాయి. సాయంత్రం చెల్లి వచ్చి, "అన్నా, ఎంత నొక్కినా ఏమీ కావట్లేదు" అంది. అందులో ఒక్కరికీ ల్యాప్‌టాప్ లేదు. అంటే ఎవరి కోసం చేశానో వాళ్లకే అది పనికిరాలేదు.

ఎందుకలా అయింది? పీడీఎఫ్‌ను 1993లో అడోబీ తెచ్చింది. ఎక్కడ తెరిచినా పేజీ ఒకేలా కనపడాలన్నదే దాని ఉద్దేశం. 2008లో ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది. నొక్కితే పనిచేసేవి దాంట్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లింక్: "ఫలానా పేజీకి పో" అని చెప్తుంది, అంతే. రెండోది జావాస్క్రిప్ట్: లెక్కలు వేస్తుంది, మార్కులు కూడుతుంది. కానీ దాన్ని నడిపే ఇంజిన్ రీడర్ యాప్‌లో ఉండాలి. కంప్యూటర్‌లోని అక్రోబాట్ రీడర్‌లో ఉంటుంది, ఫోన్ రీడర్లలో చాలావాటికి ఉండదు. నా క్విజ్ మొత్తం రెండో రకం మీదే నిలబడింది!

ఇప్పుడు లేటెక్ సంగతి. తన పుస్తకం అచ్చు నచ్చక డొనాల్డ్ క్నూత్ 1970ల చివర్లో టెక్ రాశాడు. దానిమీద 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ లేటెక్ కట్టాడు. మనం మ్యాటర్, కమాండ్‌లు రాస్తే అదే పేజీలు పేరుస్తుంది. లింకులకు హైపర్‌రెఫ్ అనే ప్యాకేజీ ఉంది. డి.పి.స్టోరీ చేసిన ఎక్సర్‌క్విజ్ మార్కులు కూడా వేస్తుంది, కానీ జావాస్క్రిప్ట్‌తో. స్క్రీన్ మీద చదవడానికి పేజీ పక్కనే బటన్లు పెట్టే పీడీఎఫ్‌స్క్రీన్ ప్యాకేజీ రాసింది మన దక్షిణాది మనిషే, తిరువనంతపురానికి చెందిన సి.వి.రాధాకృష్ణన్.

నేను రెండోసారి లింకులతోనే చేశా. స్పెల్లింగ్‌లు స్క్రీన్ మీద చూడండి.

ఒకటి: ఓవర్‌లీఫ్ ఓపెన్ చేసి, కంపైలర్‌ను జీలేటెక్‌కు మార్చండి. మామూలు పీడీఎఫ్‌లేటెక్‌తో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా రావు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ అప్‌లోడ్ చేసి, ఫాంట్‌స్పెక్‌తో పెట్టి, స్క్రిప్ట్ ఈక్వల్స్ తెలుగు అని రాయండి.

రెండు: జామెట్రీ ప్యాకేజీతో పేపర్ సైజు 9 సెంటీమీటర్ల వెడల్పు, 16 ఎత్తు పెట్టండి. ఏ4 అయితే ఫోన్‌లో జూమ్ చేస్తా కూర్చోవాలి.

మూడు: ఒక్కో ప్రశ్నకు మూడు పేజీలు. ఉదాహరణకు, "1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఎక్కడికి మారింది?" లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం. పెనుకొండ నొక్కితే "కరెక్ట్" పేజీ, అక్కడ చిన్న వివరణ, "తర్వాతి ప్రశ్న" లింక్. మిగతావి నొక్కితే "ఇంకోసారి చూడు" పేజీ, అక్కడినుంచి ప్రశ్నకే వెనక్కి. చేరాల్సిన చోట హైపర్‌టార్గెట్, నొక్కాల్సిన చోట హైపర్‌లింక్. బొటనవేలు పట్టేంత పెద్ద రంగు డబ్బాలు పెట్టండి.

నాలుగు: ఈ మూడు పేజీల అచ్చును న్యూకమాండ్‌తో ఒక్కసారే రాసుకోండి. తర్వాత ప్రశ్న, ఆప్షన్లు, వివరణ ఇస్తే చాలు. పది ప్రశ్నలకు ముప్పై పేజీలు వాటంతట అవే వస్తాయి. డబ్బా రంగు మార్చాలన్నా ఒక్కచోట మారిస్తే అయిపోతుంది.

ఐదు: లింకులు కూడా పట్టించుకోని ప్రివ్యూ యాప్‌లు కొన్ని ఉంటాయి. అందుకే ప్రతి ఆప్షన్ పక్కన పేజ్‌రెఫ్‌తో పేజీ నంబర్ వేశా. నొక్కితే పోకపోయినా ఆ పేజీకి జరుపుకోవచ్చు.

మార్కులు లెక్కపెట్టడం మాత్రం పోయింది. చెల్లివాళ్లు నోట్‌బుక్ వెనకాల గీతలు గీసుకుంటున్నారు. నాకు ఓకే!

మీరు చేసే పీడీఎఫ్ క్విజ్ అయినా, కాలేజీ ఫెస్ట్ ఫారం అయినా, పంపేముందు మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా!