జ్వరం ఇక్కడ... చీటీ అక్కడ!

చికున్‌గున్యా అంటే సరిహద్దు పల్లెలకు వేరే చెప్పక్కర్లేదు. 2005 చివర్లో అనంతపురం జిల్లాలో కనిపించిన ఈ కీళ్లనొప్పుల జ్వరం 2006లో బళ్లారి, రాయచూరు, కోలారు జిల్లాల జనాన్నీ మంచాన పడేసింది. దోమకు చెక్‌పోస్టు అడ్డమా?

ఇలాంటి వ్యాధులను తొలిరోజుల్లోనే పసిగట్టేందుకు 2004లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కేంద్రం సమీకృత వ్యాధి నిఘా ప్రాజెక్టు మొదలెట్టింది. గున్యా వచ్చేనాటికి అదింకా కాళ్లూనుకోలేదు. పద్ధతి మాత్రం తేలికే. ఏఎన్ఎం లక్షణాలు రాస్తుంది, డాక్టరు అనుమానం రాస్తాడు, ల్యాబు నిర్ధారణ రాస్తుంది. వారం వారం లెక్క జిల్లాకు వెళ్లేది. ఒకే ఊళ్లో కేసులు పెరిగితే జిల్లా బృందం అక్కడికి రావాలి. 2021 నుంచి నమోదు దేశమంతా ఆన్‌లైన్‌లోనే.

చిక్కల్లా మనలాంటి చోట్లే. ఇల్లు ఒక రాష్ట్రంలో, ఆస్పత్రి ఇంకో రాష్ట్రంలో. చీటీలో ఊరి పేరు సరిగా పడకపోతే జ్వరం అక్కడి లెక్కలో చేరుతుంది, దోమలు మాత్రం ఇక్కడే ఉంటాయి. మందు కొట్టేవాళ్లు రారు.

అందుకే అవతలి ఆస్పత్రికెళ్తే సొంతూరు పేరు చెప్పి రాయించుకోండి. ఇంటికొచ్చాక ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో ఓ మాట చెప్పండి. ఎన్ని కోట్లు అప్పు తెచ్చినా తొలి కబురు ఊళ్లోంచే వెళ్లాలి.