ముందుకు సాగే రైల్లో వెనక్కి కదిలే బిందువు

2023 జనవరి 21న రాయ్‌పూర్‌లో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో ఆనాడు న్యూజిలాండ్ 108 పరుగులకే ఆలౌటైంది. ఆ మైదానంలోనే ఒక బ్యాటర్ బంతిని గాల్లోకి లేపాడనుకుందాం. బంతి ముందుకు సెకనుకు 20 మీటర్లు, పైకి సెకనుకు 20 మీటర్ల వేగంతో బయల్దేరింది. పడబోయే చోటుకు 24 మీటర్ల దూరంలో ఒక ఫీల్డర్ ఉన్నాడు. క్యాచ్ అందుతుందా?

గాలి నిరోధాన్ని పక్కనపెట్టి, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే బంతి కథ రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. కాలాన్ని ‘టీ’ అందాం. అడ్డంగా వెళ్లిన దూరం 20 × టీ. ఎత్తు 20 × టీ − 5 × టీ వర్గం. నాలుగో సెకనులో ఎత్తు సున్నా అవుతుంది. అప్పటికి బంతి 80 మీటర్లు వెళ్లింది. ఫీల్డర్ నాలుగు సెకన్లలో 24 మీటర్లు, అంటే సెకనుకు 6 మీటర్ల చొప్పున పరుగెత్తాలి. చురుకైన ఆటగాడికి అందే క్యాచే.

ఇక్కడ అడ్డు దూరాన్నీ ఎత్తునూ మూడో రాశి అయిన కాలంతో చెప్పాం. ఆ మూడో రాశి పేరు పరామితి. అలా రాసిన జంట పేరు పరామితీయ సమీకరణాలు. రాయ్‌పూర్‌లో హిందీ మాధ్యమంలో చదివే తెలుగు విద్యార్థికి ఇదే మాట ‘ప్రాచల్’గా ఎదురవుతుంది.

రెండు సమీకరణాల నుంచి టీని తొలగిస్తే ఒకే సమీకరణం మిగులుతుంది: ఎత్తు = దూరం − దూరం వర్గం ÷ 80. అందమైన పరావలయం. పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ ఫీల్డర్‌కు ఇది ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే బంతి ఎప్పుడు పడుతుందో ఇందులో లేదు. గురుత్వం ఆరో వంతే ఉండే చంద్రుడి మీద, రెండు వేగాలనూ సెకనుకు 8.2 మీటర్లకు తగ్గించి కొడితే బంతి దాదాపు ఇదే వక్రం మీద, ఇదే 80 మీటర్లు వెళ్తుంది. పట్టే సమయం మాత్రం 4 సెకన్లు కాదు, సుమారు 9.8 సెకన్లు. వక్రం చూసి ఈ రెండు బంతుల్లో ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

పాఠం తడబడేది సరిగ్గా ఇక్కడే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదివే విద్యార్థికి 11వ తరగతి భౌతికశాస్త్రంలో ప్రక్షేపకం వస్తుంది. అక్కడ టీ అంటే కాలం. 12వ తరగతి గణితం ఐదో అధ్యాయంలో పరామితీయ రూపంలో ఉన్న ప్రమేయాల అవకలజం వస్తుంది. అక్కడ టీ ఒక అక్షరం, అంతే. ఈ రెండూ ఒకే ఆలోచన అని చెప్పే గొంతు తరగతి గదిలో లేకపోతే, ‘టీని తొలగించుము’ అన్న ఆదేశమే పాఠం మొత్తం అయిపోతుంది.

దారులు ఖండించుకోవడం వేరు, వాహనాలు ఢీకొనడం వేరు. నగరంలోని జయస్తంభ్ చౌక్ వైపు ఒక స్కూటరు పడమటి నుంచి, 100 మీటర్ల దూరంలో, సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తోంది. ఒక సైకిలు దక్షిణం నుంచి, 60 మీటర్ల దూరంలో, సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తోంది. దారులు గీస్తే రెండు గీతలూ కూడలి మధ్యలో కలుస్తాయి. స్కూటరు పదో సెకనులో అక్కడ ఉంటుంది, సైకిలు పన్నెండో సెకనులో. ప్రమాదం రెండు సెకన్ల తేడాతో తప్పింది. బొమ్మలో ఆ రెండు సెకన్లు కనిపించవు.

పరామితి కాలమే కానక్కర్లేదు. కోణం కావచ్చు, మరేదైనా సంఖ్య కావచ్చు. దీనికి రైలు చక్రాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం ఉంది. నగరంలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో రైల్వే కొలువుల కోసం వచ్చినవీ ఉన్నాయి. కాబట్టి ఈ చక్రం చాలామంది పిల్లలకు ఇంటి సంగతే.

వ్యాగన్ చక్రం వ్యాసం సుమారు ఒక మీటరు, అంటే వ్యాసార్ధం 50 సెంటీమీటర్లు. పట్టాను తాకే అంచు మీద ఒక బిందువుకు సుద్దతో గుర్తు పెడదాం. గుర్తు అట్టడుగున ఉన్నప్పటి నుంచి చక్రం తిరిగిన కోణాన్ని రేడియన్లలో కొలిస్తే, దాని అడ్డు దూరం 50 × కోణం − 50 × సైన్ కోణం; ఎత్తు 50 − 50 × కొసైన్ కోణం. ఈ గుర్తు గాలిలో గీసే కమానుల వరుసే సైక్లాయిడ్. ఆ పేరు పెట్టినవాడు గెలీలియో. ఒక కమాను పొడవు వ్యాసానికి సరిగ్గా నాలుగు రెట్లని 1658లో క్రిస్టఫర్ రెన్ తేల్చాడు. వ్యాగన్ 3.14 మీటర్లు ముందుకు జరిగేలోగా గుర్తు 4 మీటర్లు తిరుగుతుందన్నమాట.

చక్రం పట్టా మీంచి పక్కకు జారకుండా లోపలి వైపు మరో అంచు ఉంటుంది. దాన్ని ఫ్లాంజ్ అంటారు. అది పట్టా పైతలం కన్నా దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి దిగి ఉంటుంది. దాని కొన మీద గుర్తు పెడితే పై సమీకరణాల్లో సైన్, కొసైన్ ముందున్న 50 స్థానంలో 53 వస్తుంది. మారింది అంతే.

ఇప్పుడు పట్టిక రాయండి. చక్రం 10 డిగ్రీలు తిరిగేసరికి అడ్డు దూరం −0.48 సెంటీమీటర్లు. 20 డిగ్రీలకు −0.67. 30 డిగ్రీలకు −0.32. 40 డిగ్రీలకు గానీ ధన సంఖ్య రాదు: 0.84. రుణ గుర్తు చూడగానే విద్యార్థి లెక్క తప్పిందనుకుని కొట్టేస్తాడు. తప్పలేదు. రైలు ముందుకు వెళ్తుంటే ఫ్లాంజ్ కొన అట్టడుగున వెనక్కి వెళ్తోంది. చక్రం కేంద్రం ముందుకు 50 పాళ్ల వేగంతో పోతుంటే, తిరగడం వల్ల ఆ కొన వెనక్కి 53 పాళ్ల వేగంతో వస్తుంది. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ ఒక్క క్షణం కొన గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వెనక్కి నడుస్తుంది. దాని దారిలో చిన్న మెలిక ఏర్పడుతుంది. ఒక అడ్డు దూరానికి ఒకే ఎత్తు ఉండాలనే మామూలు ప్రమేయం ఈ మెలికను పట్టుకోలేదు.

బోర్డు మీద సూత్రం రాసేముందు ఈ పట్టిక వేయించడం మేలు. అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, దానికి అంచు దాటి వచ్చేలా పుల్ల అతికించి, స్కేలు వెంబడి దొర్లిస్తే పావుగంటలో మెలిక కాగితం మీదకు వస్తుంది.

అవకలజం దగ్గర కాచుకున్న పొరపాటు మరొకటి. మొదటి అవకలజానికి వై మార్పు రేటును ఎక్స్ మార్పు రేటుతో భాగిస్తే సరిపోతుంది. రెండో అవకలజానికీ అదే పద్ధతిలో రెండో రేట్లను భాగించేస్తారు. అది చెల్లదు. ఎక్స్, వై రెండూ టీ వర్గమే అనుకోండి. రెండు రెండో రేట్లూ 2. భాగిస్తే 1 వస్తుంది. కానీ ఎక్స్, వై సమానమైతే అది సరళరేఖ, దాని రెండో అవకలజం సున్నా. చేయాల్సింది మొదటి అవకలజాన్ని టీతో మళ్లీ అవకలనం చేసి, ఎక్స్ మార్పు రేటుతో మరోసారి భాగించడం. ఇదే ఉదాహరణలో ఇంకో మలుపుంది. టీ వర్గం రుణాత్మకం కాదు కాబట్టి బిందువు మూలబిందువు దాకా వచ్చి వచ్చిన దారినే తిరిగిపోతుంది. సగం రేఖను అది ఎన్నడూ తాకదు. టీని తొలగించినవారు మాత్రం పూర్తి రేఖ గీస్తారు.

ఈ వాక్యాన్ని తెరమీద చదువుతున్నవారి కళ్లెదుటే పరామితి పనిచేస్తోంది. తెలుగు అక్షరాల్లో చాలావరకు వంపులే. ‘అ’ మీదుగా నిలువు గీత గీస్తే అది అక్షరాన్ని చాలాచోట్ల కోస్తుంది. అందుకే ఫాంట్లలో ప్రతి వంపునూ బెజియే వక్రంగా, సున్నా నుంచి ఒకటి దాకా మారే టీతో రాస్తారు. కార్ల ఆకారాల కోసం సిత్రోయెన్‌లో పాల్ ద కస్తెల్జో, రెనోలో పియెర్ బెజియే రూపొందించిన పద్ధతి ఇది. (0, 0), (2, 4), (4, 0) అనే మూడు బిందువులు తీసుకోండి. మొదటి రెంటి మధ్య బిందువు (1, 2), చివరి రెంటిది (3, 2). ఈ రెండింటి మధ్య బిందువు (2, 2) వక్రం మీద ఉంటుంది. అది టీ సగమైన చోటు. టీ పావు అయితే ప్రతిసారీ పావు దూరం జరగాలి, అప్పుడు (1, 1.5) వస్తుంది. వక్రం ఎప్పుడూ తాకని (2, 4)ను పట్టుకుని పక్కకు లాగితే వంపు దాని వెంటే ఒరుగుతుంది. తలకట్టు దిద్దే ఫాంటు రూపకర్త కంప్యూటర్ ముందు చేసే పని ఇదే.