సూపర్‌మ్యాన్ కొడుకు ప్రేమ, మన తారల ప్రైవసీ: అపోహలు – వాస్తవాలు

2021 అక్టోబరు తెలుగు సోషల్ మీడియాకు ఊపిరి సలపని నెల. 2వ తేదీన సమంత, నాగచైతన్య తాము విడిపోతున్నామని ప్రకటించి, తమ ప్రైవసీని గౌరవించమని కోరారు. 11న అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ, తమ కొత్త సూపర్‌మ్యాన్ బైసెక్సువల్ అని ప్రకటించింది. మొదటి వార్తకు మనవాళ్లు ఇచ్చిన గౌరవం ఏపాటిదో యూట్యూబ్ చూసినవాళ్లకు తెలుసు. ఎర్ర బాణాలు, గుండ్రాలు, ‘అసలు కారణం ఇదే’ అన్న థంబ్‌నెయిళ్లు. ఆ నెలలోనే సమంత కూకట్‌పల్లి కోర్టుకెక్కి, కొన్ని యూట్యూబ్ చానళ్ల వీడియోలు తీసేయాలని ఆదేశం తెచ్చుకోవాల్సి వచ్చింది. రెండో వార్తకు మాత్రం ‘మా చిన్ననాటి సూపర్‌మ్యాన్‌ను పాడు చేశారు’ అని గుండెలు బాదుకున్నారు.

కాగితం మీది బొమ్మకు అంత కాపలా. ప్రాణమున్న మనిషి పడకగదికి తలుపు కూడా ఉండకూడదు. ఈ తలకిందుల వ్యవహారానికి పునాది కొన్ని అపోహలు. వాటిలో కొన్నింటికి విశాఖపట్నంతో చుట్టరికం ఉంది.

అపోహ: సూపర్‌మ్యాన్‌ను గే చేసేశారు

క్లార్క్ కెంట్‌కు ఏమీ కాలేదు. 1938 నుంచి లోయిస్ లేన్ వెంటే పడ్డాడు, ఆమెనే పెళ్లి చేసుకున్నాడు, కొడుకునూ కన్నాడు. వార్త ఆ కొడుకు జోనాథన్ గురించి. తండ్రి లేనప్పుడు ఎర్ర కేప్ కట్టుకుని ఎగిరే కుర్రాడు. 2021 నవంబరులో వచ్చిన ‘సూపర్‌మ్యాన్: సన్ ఆఫ్ కాల్-ఎల్’ 5వ సంచికలో జే నకామురా అనే కుర్ర జర్నలిస్టుతో ప్రేమలో పడ్డాడు. కథ టామ్ టేలర్‌ది, బొమ్మలు జాన్ టిమ్స్‌వి. విలేకరులను ప్రేమించడం ఆ ఇంటి ఆనవాయితీ అనుకోవాలి.

ఇలాంటి వార్తల్లో చాలా వాటిది ఇదే తీరు. గ్రీన్ లాంటర్న్ గే అని 2012లో గొడవ జరిగింది. సినిమా చూసినవాళ్లకు తెలిసిన హాల్ జోర్డాన్ కాదు ఆయన, 1940లో పుట్టిన పాత గ్రీన్ లాంటర్న్ అలన్ స్కాట్. అదీ మరో సమాంతర ప్రపంచంలో, కొత్తగా రాసిన కథలో. 2021లో రాబిన్ బైసెక్సువల్ అన్న వార్తా అంతే. బ్యాట్‌మ్యాన్ పక్కన రాబిన్ పేరుతో తిరిగినవాళ్లు ఒకరిద్దరు కారు. వాళ్లలో టిమ్ డ్రేక్ అనే ఒక్కడి కథ అది. పేరు ఒకటే, ముసుగు ఒకటే. లోపలి మనిషి వేరు.

అయితే నిజంగానే మార్చిన సందర్భం లేకపోలేదు. ఎక్స్-మెన్ బృందంలో ఐస్‌మ్యాన్ 1963లో మొదటి సంచిక నుంచీ ఉన్నవాడు. యాభై ఏళ్లకు పైగా అమ్మాయిల వెంటే తిరిగాడు. 2015లో ‘ఆల్-న్యూ ఎక్స్-మెన్’ 40వ సంచికలో అతడు గే అని తేల్చారు. తేల్చిన పద్ధతే ముల్లులా గుచ్చుకుంటుంది. మనసులు చదవగల జీన్ గ్రే అతని మనసులోకి తొంగిచూసి, పక్కకు తీసుకెళ్లి, నువ్వు గేవి కదా అని తనే చెప్పేస్తుంది. చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో అతడు నిర్ణయించుకోకముందే రహస్యం బయటపడిపోయింది. అప్పట్లో గే పాఠకులే చాలామంది దీన్ని తప్పుపట్టారు. వాళ్ల అభ్యంతరం పాత్ర మారినందుకు కాదు, పాత్ర అనుమతి లేకుండా గుట్టు విప్పినందుకు. తెర మీది మనుషుల విషయంలో మనం రోజూ చేసే పని ఇదే, మనకు మనసులు చదివే శక్తి కూడా లేకుండా.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషన్

కథ 1954 దాకా వెళ్తుంది. ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు ఆ ఏడాది ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ పుస్తకం రాశాడు. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయనీ, బ్యాట్‌మ్యాన్, రాబిన్‌ల కాపురం ఇద్దరు మగవాళ్లు కలిసి బతికే కలలాంటిదనీ అందులో వాదించాడు. పరిశ్రమ బెంబేలెత్తి అదే ఏడాది కామిక్స్ కోడ్ పెట్టుకుంది. స్వలింగ ప్రేమ ఛాయ కూడా కనిపించకూడదన్నది దాని నిబంధనల్లో ఒకటి. 1956లో బ్యాట్‌మ్యాన్‌ను ఇష్టపడే బ్యాట్‌వుమన్ ఊడిపడింది.

అంటే ‘అసలు’ సూపర్‌హీరోలు అని మనం పట్టుకు వేలాడేది కూడా సెన్సారు కత్తిరించిన ప్రతే. 1989లో కోడ్‌ను సడలించారు. 1992లో ‘ఆల్ఫా ఫ్లైట్’ 106వ సంచికలో నార్త్‌స్టార్ తాను గేనని నోరు విప్పాడు. 2006లో బ్యాట్‌వుమన్ కేట్ కేన్ పేరుతో లెస్బియన్‌గా తిరిగొచ్చింది. అనుమానం పోగొట్టడానికి పుట్టిన పాత్రే చివరికి అలా తేలడం కామిక్స్ చరిత్రలో దొరికే చక్కని చమత్కారం.

పాత్రల గుణాలను పవిత్ర సంప్రదాయం కాపాడుతోందన్న భ్రమ ఉంటే, సోనీ ఒప్పందం చూడాలి. స్పైడర్‌మ్యాన్ సినిమాల కోసం 2011లో మార్వెల్, సోనీ రాసుకున్న లైసెన్సు ఒప్పందంలో ఆ పాత్ర తప్పనిసరి లక్షణాల జాబితా ఉంది. మార్వెల్ ముందుగా అలా చూపిస్తే తప్ప, స్పైడర్‌మ్యాన్ స్వలింగ ప్రేమికుడు కాకూడదన్నది అందులో ఒకటి. పాత్ర ఎవర్ని ప్రేమించాలో తేల్చేది హక్కుదారు సంతకం. ఈ సంగతి లోకానికి 2015లో తెలిసింది, అదీ అంతకుముందు ఏడాది సోనీ కంప్యూటర్లను హ్యాకర్లు కొల్లగొట్టబట్టి. ఆ దోపిడీలోనే నటీనటుల సొంత ఈమెయిళ్లు, వివరాలు కూడా బజార్న పడ్డాయి.

అపోహ: మన దగ్గర పాత్రల జోలికి ఎవరూ వెళ్లరు

ఈ మాట అనేవాళ్లు ‘దానవీరశూరకర్ణ’ చూడలేదనుకోవాలా? 1977లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దుర్యోధనుడికి ఓ యుగళగీతం కూడా పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. 1980లో ఆయనే ‘సూపర్‌మ్యాన్’ కూడా అయ్యారు. ఆ శక్తులు ఏ గ్రహం నుంచో వచ్చినవి కావు, ఆంజనేయస్వామి చలవ. అమెరికా పాత్రను నిలువునా మార్చి మన గుడిలో నిలబెట్టినా ఇక్కడ ఎవరికీ మనోభావాలు దెబ్బతినలేదు. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖను స్నేహితురాలిగా కలుసుకుంటుంది. ఆ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఆడ, మగ గీత చెరపడం కూడా మనకు కొత్త కాదు. ఆత్రేయపురం అనగానే పూతరేకులే గుర్తొస్తాయి గానీ, ఆ మండలంలోనే ర్యాలి ఉంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందు నుంచి చూస్తే శంఖచక్రాల కేశవుడు. వెనక్కు వెళ్తే మోహిని: కొప్పు, కాలి మీద పుట్టుమచ్చతో సహా. భక్తులు ముందూ దండం పెడతారు, వెనకా దండం పెడతారు.

ఇక్కడ రెండో వైపు పొరపాటు కూడా జరుగుతుంటుంది. బృహన్నలను చూపించి, చూశారా, అర్జునుడు గే అనేవాళ్లున్నారు. అది తొందరపాటు. ఊర్వశి శాపాన్ని అజ్ఞాతవాసంలో వేషంగా వాడుకున్న కథ అది. అతని ప్రేమల గురించి అది ఏమీ చెప్పదు. 1963లో ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ ఆ పాత్రను హాస్యానికి దిగజార్చకుండా వేశారన్నది మాత్రం ఒప్పుకోవాల్సిన సంగతి.

అపోహ: తెర మీదికి వచ్చాక ఇక సొంత బతుకేమిటి?

1978లో ‘మరో చరిత్ర’ వచ్చింది. బాలచందర్ దర్శకత్వం, కమల్‌హాసన్ హీరో, నలుపు తెలుపు సినిమా. విశాఖ తీరం, భీమిలి ఆ సినిమాతో దేశమంతా ప్రేమికుల అడ్రసులయ్యాయి. స్వప్నగా వేసిన కొత్త అమ్మాయి సరిత రాత్రికి రాత్రి స్టార్ అయింది.

ఆ పేరు సినిమా చరిత్రతో పాటు రాజ్యాంగ చరిత్రలోనూ ఉంది. కేసు పేరు టి.సరిత వర్సెస్ టి.వెంకటసుబ్బయ్య. 1975 డిసెంబరు 13న తిరుపతిలో ఆమెతో తనకు పెళ్లయిందనీ, ఆమె కాపురానికి వచ్చేలా ఆదేశించాలనీ ఒకాయన కడప కోర్టుకెళ్లారు. ఆ తేదీకి ఆమె పదహారేళ్ల హైస్కూలు పిల్ల. ఆ వెంటనే విడిపోయారు, అయిదేళ్లకు పైగా ఎవరి దారి వారిదే. ఈలోగా ఆమె స్టార్ అయింది. హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ కింద, విడిగా ఉంటున్న భార్యను గానీ భర్తను గానీ తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించవచ్చు. వినకపోతే ఆస్తి జప్తు చేయవచ్చు. ఆ సెక్షన్ చెల్లదని సరిత హైకోర్టులో వాదించారు.

1983 జులై 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి ఆ సెక్షన్‌ను కొట్టేశారు. ఎవరితో, ఎప్పుడు దగ్గరవ్వాలన్న నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి లాక్కుని ప్రభుత్వం చేతిలో పెట్టడం ప్రైవసీకీ గౌరవానికీ దెబ్బ అన్నారు. చూడటానికి స్త్రీపురుషులిద్దరికీ ఒకటే అయిన ఈ సెక్షన్ బరువు నిజానికి ఆడవాళ్ల మీదే పడుతుందనీ చెప్పారు. దేశంలో అప్పటికి ప్రైవసీ మీద ఇంత సూటిగా మాట్లాడిన తీర్పులు అరుదు. మరుసటి ఏడాదే సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తోసిపుచ్చింది. 9వ సెక్షన్ బతికిపోయింది. కానీ వాదన చావలేదు. లా విద్యార్థులు ఈ తీర్పును ఇప్పటికీ చదువుతున్నారు. ఆ హక్కును కోరింది ఒక సినిమా తార అన్నది ఆ చదువుల్లో చాలామంది గమనించని విషయం.

1994లో ఆర్.రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, పెళ్లి, కుటుంబం, పిల్లలు, చదువు వంటివి అనుమతి లేకుండా రాయడానికి వీల్లేదంది. మినహాయింపులూ చెప్పింది: కోర్టు రికార్డుల వంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నవి రాయొచ్చు, అధికారుల విధి నిర్వహణ మీద రాయొచ్చు, కావాలని వివాదంలోకి దిగినవారి సంగతి వేరు. అంటే మంత్రి సంతకం వార్త, నటి పడకగది వార్త కాదు.

2015 ఆగస్టులో, అసలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనా అన్న ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన బెంచికి సారథి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో 1976లో లా పట్టా పుచ్చుకున్న మనిషి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చిన తొమ్మిది మందిలో ఆయనా ఒకరు, విడిగా తన అభిప్రాయం రాశారు. లైంగిక ఇష్టం ప్రైవసీలో విడదీయరాని భాగమని ఆ కేసు తీర్పు స్పష్టం చేసింది. ఏడాది తర్వాత, 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ సంకెళ్లు తెగడానికి దారి వేసింది ఆ మాటే.

అపోహ: ఆ పాత్ర వేశావుగా, నీ సంగతీ చెప్పు

నటుడు ఇయాన్ మెకెలెన్ తాను గేనని 1988లో బీబీసీ రేడియోలో తానే చెప్పారు, తర్వాత మాగ్నెటోగా ఎక్స్-మెన్ సినిమాల్లో వేశారు. ముహూర్తం ఆయనే పెట్టుకున్నారు. కిట్ కానర్‌కు ఆ వెసులుబాటు దక్కలేదు. ‘హార్ట్‌స్టాపర్’ సిరీస్‌లో బైసెక్సువల్ కుర్రాడిగా వేసిన పాపానికి, నిజజీవితంలో నువ్వేమిటని అభిమానులే వెంటపడ్డారు. 2022 అక్టోబరు చివర, పద్దెనిమిదేళ్ల వయసులో, తాను బైసెక్సువల్‌నని ట్విట్టర్‌లో చెప్పేసి, బలవంతంగా చెప్పించారని వాపోయాడు. పీడించింది ద్వేషించేవాళ్లు కాదు, గే పాత్రలు గే నటులకే దక్కాలని పట్టుబట్టినవాళ్లు. ఆశయం మంచిదైనంత మాత్రాన తొంగిచూడటం మంచి పని అయిపోదు.

అభిమానం హద్దు దాటిన ఉదాహరణ మన దగ్గరా ఉంది. 2023 నవంబరులో నటి రష్మిక డీప్‌ఫేక్ వీడియో దుమారం రేపింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరుకు చెందిన యువకుణ్ని పట్టుకున్నారు. అతను నడుపుతున్నది రష్మిక ఫ్యాన్ పేజీ. ఫాలోవర్లు పెరుగుతారని చేశాడని పోలీసులు చెప్పారు.

అపోహ: ఇదంతా పెద్ద పెద్ద వాళ్ల గొడవ

విశాఖలో ఐఎన్‌ఎస్ ఏక్సిలా అనే నౌకాదళ స్థావరం ఉంది. యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లు అక్కడ బాగుచేస్తారు. అక్కడ పనిచేసిన ఒక నావికురాలు మగవాడిగా నేవీలో చేరి, 2016లో సెలవులో ఉండగా లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆమె పేరు అప్పట్లో దేశమంతా మోగింది. ఇక్కడ రాయాల్సిన పని లేదు. ఎవరికి వారే తమ జెండర్‌ను చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లోనే నాల్సా తీర్పులో అంది. పుట్టస్వామి తీర్పు వచ్చి ఆరు వారాలు గడిచాయి. 2017 అక్టోబరులో నేవీ ఆమెను ఇంటికి పంపేసింది. చేరేనాటి జెండర్ మారినందున నిబంధనలు ఒప్పుకోవన్నది ఇచ్చిన కారణం. ఆమె ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు.

ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్ల మీద వివక్ష చూపరాదన్న చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. అప్పటికి ఆమె కొలువు పోయి రెండేళ్లు దాటింది.