మాట లేని సంగీతం

కోయంబత్తూరు, మదురై పాత తెలుగు ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. అలాంటి మనకు అసలు మాటలే లేని క్యాసెట్టు ఒకటి ఉంది: 1986లో ఇళయరాజా వెలువరించిన ‘హౌ టు నేమ్ ఇట్’. ఆయన పుట్టిన పణ్ణైపురం అప్పట్లో మదురై జిల్లాలోనిదే.

దీన్ని త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు. బాఖ్ 1750లో పోయారు. త్యాగయ్య పుట్టింది 1767లో. ఆ ఇద్దరూ వి.ఎస్.నరసింహన్ వయొలిన్ మీద కలుసుకున్నారు. కింద తంత్రీవాద్యాలు మబ్బుపట్టినట్టు బరువుగా కదులుతుంటే, పైన ఒంటి వయొలిన్ గమకాలతో దారి వెతుక్కుంటుంది. దిగులు తీరదు, కానీ మనల్ని ముంచెయ్యదు. అందుకే కాబోలు, సొంతిల్లు కట్టబోయి అగచాట్లు పడే కథతో తీసిన తమిళ చిత్రం ‘వీడు’కు 1988లో బాలూ మహేంద్ర ఈ సంగీతాన్నే వాడుకున్నారు.

తెలుగు చదవడం రాని మన పిల్లలకు ముందు ఇది వినిపించండి. ఆ వెంటనే త్యాగయ్య కీర్తన ఒకటి పెట్టండి.